పొలంలో సెన్సర్లు: ప్యాకెట్‌లో ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

ఈసారి అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు వైర్‌లెస్ సెన్సర్ల డేటా గురించే ఉన్నాయి. బ్యాటరీతో నడిచే చిన్న నోడ్ (సెన్సర్లు, రేడియో కలిసి ఉన్న పరికరం) నుంచి రీడింగులను ఏ రూపంలో పంపాలన్నదే అందరి సందేహం. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: చీనీ తోటలో లోరావాన్ (తక్కువ కరెంటుతో చాలా దూరం పంపే రేడియో నెట్‌వర్క్) నోడ్ పెట్టాం. గాలి ఉష్ణోగ్రత, గాలిలో తేమ, నేల తేమ, బ్యాటరీ వోల్టేజీ, ఈ నాలుగూ జేసన్‌లో (పేరు, విలువ జంటలుగా అక్షరాల్లో రాసే రూపం) పంపుతున్నాం. గేట్‌వే (నోడ్ల ప్యాకెట్లు అందుకుని సర్వర్‌కు పంపే పెట్టె) ఉన్న ఇంటి దగ్గర పెడితే అన్నీ వస్తున్నాయి. తోటలోకి తీసుకెళ్తే నోడ్ నెట్‌వర్క్‌లో జాయిన్ అవుతోంది గానీ ఆ తర్వాత ఒక్క రీడింగూ రావడం లేదు. యాంటెన్నా మార్చాలా?
– ఇంజనీరింగ్ విద్యార్థులు, పులివెందుల

జవాబు: యాంటెన్నా జోలికి పోకండి. జాయిన్ అయిందంటే రేడియో, కీలు, గేట్‌వే అన్నీ సరిగా ఉన్నట్టే. తేడా ప్యాకెట్ సైజులో ఉంది. జాయిన్ రిక్వెస్ట్ మొత్తం 23 బైట్లే కాబట్టి ఏ వేగంలోనైనా వెళ్లిపోతుంది. డేటాకి మాత్రం వేగాన్ని బట్టి పరిమితి మారుతుంది. మన దేశంలో లోరావాన్ వాడే 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఇది పెరిగేకొద్దీ సిగ్నల్ దూరం వెళ్తుంది, వేగం తగ్గుతుంది) 7, 8 ఉన్నప్పుడు ఒక్కో ప్యాకెట్‌లో 242 బైట్ల దాకా పంపొచ్చు. 9 అయితే 115. 10, 11, 12 అయితే 51 మాత్రమే. ఇంటి దగ్గర నోడ్ 7 మీద మాట్లాడుతుంది, తోటలో సిగ్నల్ పలచబడగానే 10కో 12కో మారుతుంది.

ఇప్పుడు మీ జేసన్‌ను లెక్కపెట్టండి. టెంపరేచర్, హ్యుమిడిటీ, సాయిల్, బ్యాటరీ అన్న పేర్లకు ఇంగ్లీషులో 30 అక్షరాలు. 31.4, 48.5, 612, 3.71 అనే విలువలకు 15. కొటేషన్లు, కోలన్లు, కామాలు, బ్రాకెట్లకు 17. ఒక్క ఖాళీ కూడా వదలకపోయినా 62 బైట్లు. పరిమితి 51 కాబట్టి లైబ్రరీ పంపనని ఎర్రర్ కోడ్ తిరిగి ఇస్తుంది. ప్రోగ్రాంలో ఆ కోడ్‌ను చూడకపోతే ప్యాకెట్ వెళ్లిందనే అనుకుంటాం. ముందు ఆ కోడ్‌ను సీరియల్ మానిటర్‌లో ప్రింట్ చేసి చూసుకోండి.

పేర్లను ఒక్కో అక్షరానికి కుదిస్తే 36 బైట్లు అవుతుంది, 51లో పడుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగకండి. ఉష్ణోగ్రతను 10తో గుణించి 314గా, తేమను 485గా, నేల తేమను 612గా, బ్యాటరీని మిల్లీవోల్టుల్లో 3710గా మార్చి, ఒక్కోదానికి 2 బైట్లు ఇస్తే మొత్తం 8. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 10 మీద 36 బైట్ల పేలోడ్ (ప్యాకెట్‌లో మన డేటా ఉన్న భాగం) గాలిలో 575 మిల్లీసెకండ్లు ఉంటుంది, 8 బైట్లది 371. ఫ్యాక్టర్ 12 మీద అవే 2.3 సెకండ్లు, 1.48 సెకండ్లు. లోరావాన్ తన వంతుగా ప్రతి ప్యాకెట్‌కూ 13 బైట్లు కలుపుతుంది కాబట్టి సైజు నాలుగో వంతుకు తగ్గినా సమయం ఆ లెక్కన తగ్గదు.

సీబార్, ప్రోటోబఫ్ (డేటాను అక్షరాలుగా కాక నేరుగా బైట్లుగా రాసే రెండు పద్ధతులు) సంగతేమిటని మీలో కొందరు అడిగారు. ఇవే నాలుగు విలువలు సీబార్‌లో పేర్ల బదులు 0 నుంచి 3 దాకా అంకెలు వాడితే 17 బైట్లు, వరుస జాబితాగా పెడితే 13. ప్రోటోబఫ్‌లో 12. సీబార్‌లో ఒక చిక్కుంది. 314 అనే పూర్ణాంకానికి 3 బైట్లు చాలు. అదే 31.4ను ఫ్లోట్‌గా (4 బైట్ల దశాంశ సంఖ్య) ఇస్తే 5, డబుల్‌గా (8 బైట్లది) ఇస్తే 9. లైబ్రరీ ఏది ఎంచుకుంటోందో చూడకపోతే సీబార్ వాడిన లాభం అక్కడే పోతుంది. మా అభిప్రాయం ఇది: ఫీల్డులు మారకుండా, నోడూ సర్వరూ రెండూ మీ చేతిలోనే ఉంటే 8 బైట్ల ముడి రూపం చాలు. ఒక నోడ్‌లో నాలుగు సెన్సర్లు, ఇంకోదాంట్లో ఏడు, రేపు ఎన్ని వస్తాయో తెలియని పరిస్థితి అయితే సీబార్ తీసుకోండి. దాని నిర్వచనం ఆర్ఎఫ్‌సీ 8949 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది, దాదాపు ప్రతి భాషలోనూ లైబ్రరీ దొరుకుతుంది.

ముడి రూపంలో పేర్లు ప్యాకెట్‌లో ఉండవు కాబట్టి వాటిని కాగితం మీద రాయాలి. ఏ బైటు ఏమిటి, సైన్డా (మైనస్ విలువలూ పడతాయా) కాదా, ఎంతతో భాగించాలి, పెద్ద బైటు ముందా చిన్న బైటు ముందా అన్నవన్నీ అందులో ఉండాలి. లేఅవుట్ మార్చిన ప్రతిసారీ లోరావాన్ పోర్ట్ నంబరు (ప్రతి డేటా ప్యాకెట్‌తో వెళ్లే అంకె) మార్చండి. 1 నుంచి 223 దాకా మన వాడకానికే ఉన్నాయి. పోర్ట్ 1 పాత లేఅవుట్, పోర్ట్ 2 కొత్తది అని డీకోడర్‌కు (సర్వర్‌లో బైట్లను తిరిగి విలువలుగా మార్చే కోడ్) చెబితే వెర్షన్ కోసం పేలోడ్‌లో విడిగా బైటు ఖర్చు పెట్టనక్కర్లేదు. తోటలో సగం నోడ్లు పాత ప్రోగ్రాంతో ఉన్నా డేటా కలగాపులగం కాదు.

ప్రశ్న: కేయెన్ ఎల్‌పీపీ అనే రెడీమేడ్ పేలోడ్ ఫార్మాట్‌లో నేల తేమ పంపుతున్నాం. నోడ్‌లో 612 అని కనిపిస్తోంది, డ్యాష్‌బోర్డ్‌లో −43.36 అని వస్తోంది. సెన్సర్ పాడైందా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, అనంతపురం

జవాబు: సెన్సర్ బాగుంది. మీరు వాడిన అనలాగ్ ఇన్‌పుట్ రకం విలువను 100తో గుణించి 2 బైట్ల సైన్డ్ అంకెగా పంపుతుంది. అంటే 327.67 దాటిన విలువ అందులో పట్టదు. 612ను గుణిస్తే 61200. సైన్డ్ 16 బిట్లలో అది 61200 − 65536 = −4336 అవుతుంది, 100తో భాగిస్తే మీరు చూసిన −43.36. ముడి ఏడీసీ అంకెను (సెన్సర్ వోల్టేజీని చిప్ కొలిచి ఇచ్చేది) కాకుండా నోడ్‌లోనే శాతంగా మార్చి పంపండి. పూర్తిగా ఎండిన మట్టిలోనూ, నీళ్లు నిండిన మట్టిలోనూ వచ్చే రెండు అంకెలు ముందే రాసిపెట్టుకుంటే ఆ మార్పిడి రెండు లైన్ల పని. బ్యాటరీని కూడా ఇదే రకంలో 3710 అని మిల్లీవోల్టుల్లో పెట్టకండి, 3.71 అని వోల్టుల్లోనే ఇవ్వండి.

ఈ ఫార్మాట్‌లో ప్రతి విలువకూ ఛానల్ ఒకటి, రకం ఒకటి చొప్పున 2 బైట్లు అదనం. మొదటి ప్రశ్నలోని నాలుగు విలువలను ఇలా పంపితే మొత్తం 15 బైట్లు. డీకోడర్ రాయకుండానే డ్యాష్‌బోర్డ్‌లో కనిపిస్తుందన్న సౌకర్యానికి ఆ ధర ఎక్కువేం కాదు, ప్రాజెక్టు గడువు దగ్గరపడ్డవాళ్లకు మరీనూ.

ప్రశ్న: మట్టిలో పాతిన డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ అప్పుడప్పుడు 528.36 డిగ్రీలు, ఇంకొన్నిసార్లు సరిగ్గా 85 చూపిస్తోంది. ఎండ ఎంత మండినా అంత ఉండదు కదా!
– రైతు ఉత్పత్తిదారుల సంఘం సభ్యులు, తాడిపత్రి

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. సెన్సర్ తీగ ఊడినా, 4.7 కిలోఓమ్ పుల్-అప్ రెసిస్టర్ టంకం వదిలినా ఆర్డుయినో లైబ్రరీ −127 అని తిరిగి ఇస్తుంది. మీ ప్రోగ్రాం దాన్ని 100తో గుణించి −12700గా పంపింది. సర్వర్‌లోని డీకోడర్ సైన్ సంగతి పట్టించుకోకుండా చదివితే 65536 − 12700 = 52836, అంటే 528.36. ముందు డీకోడర్ సరిచేయండి: రెండు బైట్లు కలిపాక వచ్చిన అంకె 32767 దాటితే 65536 తీసేయాలి. మన వైపు ఉష్ణోగ్రత సున్నా కిందకు పోదు కదా, సైన్ ఎందుకని వదిలేసేవాళ్లు ఉన్నారు. వాతావరణం మైనస్‌లోకి వెళ్లకపోయినా ఎర్రర్ కోడ్ వెళ్తుంది.

ఆ తర్వాత నోడ్‌లో −127 వస్తే దాన్ని ఉష్ణోగ్రతగా పంపకండి. రీడింగ్ లేదు అని చెప్పడానికి ఒక అంకెను కేటాయించుకోండి, 32767 లాంటిది. డీకోడర్ దాన్ని ఖాళీగా నమోదు చేయాలి. సున్నాగా మాత్రం రాయకూడదు. సున్నా అని రాస్తే సగటులన్నీ కిందకు పడిపోతాయి, ఎందుకు పడ్డాయో నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇక 85. ఆ చిప్‌కు కరెంటు రాగానే దాని మెమరీలో ఉండే తొలి విలువ అది. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకండ్ల దాకా పడుతుంది. అది పూర్తయ్యేలోగా చదివినా, కొలిచే సమయంలో బ్యాటరీ వోల్టేజీ కుంగి చిప్ రీసెట్ అయినా 85 వస్తుంది. ఆగే సమయం పెంచి చూడండి. అప్పటికీ వస్తుంటే తీగ పొడవు, పవర్ లైన్ చూడాలి. ఇంకో మాట: ఈ చిప్ ఇచ్చేదే 16 బిట్ల అంకె, డిగ్రీలో పదహారో వంతు చొప్పున. దాన్ని ఫ్లోట్‌గా మార్చి మళ్లీ 100తో గుణించడమెందుకు? ఉన్నది ఉన్నట్టు పంపి సర్వర్‌లో 16తో భాగించండి. అప్పుడు 85 డిగ్రీలు 1360గా వస్తుంది, గుర్తుపట్టడమూ తేలిక.

ప్రశ్న: వాన కొలిచే టిప్పింగ్ బకెట్ (నిండిన ప్రతిసారీ ఒరిగే చిన్న బకెట్) పెట్టాం. గంటకోసారి ఆ గంటలో పడ్డ వాన పంపిస్తున్నాం. నెలాఖరున కూడితే పక్కనున్న మామూలు వానమాపకం కంటే ఎప్పుడూ తక్కువే వస్తోంది.
– ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: వాన పడేటప్పుడు కొన్ని ప్యాకెట్లు పోతుండొచ్చు. పోయిన ప్యాకెట్‌తో పాటు ఆ గంట వానా పోతోంది. గంట లెక్క పంపకుండా, పెట్టిన రోజు నుంచి బకెట్ మొత్తం ఎన్నిసార్లు ఒరిగిందో ఆ సంఖ్య పంపండి. సర్వర్ ఇప్పటి సంఖ్యలోంచి కిందటి సంఖ్యను తీసేస్తే వాన తెలుస్తుంది. మధ్యలో మూడు ప్యాకెట్లు పోయినా నాలుగోది మొత్తం చెప్పేస్తుంది. ఏ గంటలో ఎంత పడిందన్న వివరం పోతుందేమో గానీ వాన పోదు.

2 బైట్లు చాలు. ఒక్కో ఒరుగుకు 0.2 మి.మీ. అయితే 65536 ఒరుగులంటే 13,107 మి.మీ. అనంతపురంలో ఏడాది సగటు వాన దాదాపు 550 మి.మీ. కాబట్టి లెక్క నిండి మళ్లీ సున్నాకు రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. తీసివేత మైనస్ వస్తే 65536 కలపాలని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడే జాగ్రత్త. బ్యాటరీ మార్చినప్పుడు నోడ్ లెక్క సున్నా నుంచి మొదలైతే, 310 తర్వాత 4 వచ్చిందనుకోండి, ఆ సూత్రం 65230 ఒరుగులు చూపిస్తుంది. ఒక్క గంటలో 13,046 మి.మీ. వాన! అందుకని నోడ్ ఎన్నిసార్లు రీస్టార్ట్ అయిందో ఇంకో బైటులో పంపండి. అది మారితే తీసివేత చేయకుండా కొత్త సంఖ్యనే తీసుకోవాలి. ఇంకా మంచిది లెక్కను ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) దాచడం. ఒక చోట లక్షసార్లు రాయొచ్చని తయారీదారు హామీ. ఏడాదికి 550 మి.మీ. అంటే 2,750 ఒరుగులే కాబట్టి ప్రతి ఒరుగుకూ రాసినా అరిగిపోతుందన్న భయం లేదు.

ప్రశ్న: ఆర్డుయినో ఊనో బోర్డు నుంచి ఎన్ఆర్ఎఫ్24 రేడియోతో స్ట్రక్ట్ (కొన్ని విలువలను కలిపి పెట్టే కోడ్ మూస) పంపుతున్నాం, ఈఎస్‌పీ32 బోర్డు అందుకుంటోంది. రెండువైపులా అదే స్ట్రక్ట్ కాపీ చేశాం. ఐడీ సరిగా వస్తోంది, మిగతావన్నీ చెత్త.
– ఇద్దరు విద్యార్థులు, కర్నూలు

జవాబు: కోడ్ ఒకటే, మెమరీలో అమరిక వేరు. ఒక బైటు ఐడీ, ఒక ఇంట్, ఒక ఫ్లోట్ ఉన్న స్ట్రక్ట్ ఊనోలో 1 + 2 + 4 = 7 బైట్లు. ఈఎస్‌పీ32లో ఇంట్ అంటే 4 బైట్లు, పైగా అది నాలుగు బైట్ల హద్దు మీదే మొదలవ్వాలి కాబట్టి ఐడీ తర్వాత కంపైలర్ 3 ఖాళీ బైట్లు చేరుస్తుంది. మొత్తం 12. మొదటి బైటు ఒక్కటే రెండింట్లోనూ ఒకే చోట ఉంది కాబట్టి ఐడీ సరిగా వచ్చింది. ప్యాక్డ్ అని రాస్తే ఖాళీలు పోయి 9 అవుతుంది, ఇంట్ తేడా మాత్రం అలాగే ఉంటుంది. ఇంట్ తీసేసి, సైజు పేరులోనే ఉన్న 16 బిట్ల రకం వాడండి, ప్యాక్డ్ కూడా రాయండి. రెండువైపులా సైజ్ఆఫ్ ప్రింట్ చేసి, రెండూ 7 అని చూసుకున్నాకే రేడియో ఆన్ చేయండి. ఈ రేడియోలో ప్యాకెట్‌కు 32 బైట్లే హద్దు.

రేపు ఇదే డేటాను సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌తో చదివితే మరో తేడా ఎదురవుతుంది. ఈ రెండు చిప్‌లూ చిన్న బైటును ముందు పెడతాయి, జావాస్క్రిప్ట్ డేటావ్యూ మాత్రం చెప్పకపోతే పెద్ద బైటు ముందుందని అనుకుంటుంది. 314 పంపితే 14849 కనిపిస్తే కారణం ఇదే.

ప్రశ్న: లోరావాన్ లేకుండా రెండు లోరా (లోరావాన్ వాడే రేడియో పద్ధతి) మాడ్యూళ్ల మధ్య నేరుగా పంపుతున్నాం. మే నెల మధ్యాహ్నం ఉన్నట్టుండి 8 డిగ్రీలు అని వస్తుంది, మళ్లీ మామూలవుతుంది.
– ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఆదోని

జవాబు: ఆర్డుయినోలో ఎక్కువమంది వాడే లోరా లైబ్రరీలో సీఆర్‌సీ తనిఖీ (దారిలో బైట్లు చెడిపోయాయేమో చూసేది) మొదట్నుంచీ ఆపి ఉంటుంది. ఆన్ చేయమని సెటప్‌లో ఒక లైను రాయాలి, పంపేవైపూ అందుకునేవైపూ. పొడవు చూడటం, నోడ్ ఐడీ చూడటం కూడా చేయండి. అదే ఫ్రీక్వెన్సీ, అవే సెట్టింగులతో పక్క ఊళ్లో ఎవరైనా పెట్టుకుంటే వాళ్ల ప్యాకెట్ మీ గేట్‌వేలోకి దర్జాగా వచ్చేస్తుంది.

ప్రశ్న: 11 బైట్ల పేలోడ్‌ను బిట్లు బిట్లుగా కుదించి 7కు తెచ్చాం. గాలిలో ఉండే సమయం ఒక్క మిల్లీసెకండ్ కూడా తగ్గలేదు!
– ఎం.టెక్. విద్యార్థిని, కడప

జవాబు: మీ స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 10 అయి ఉండాలి. లోరా బైట్లను ఒక్కొక్కటిగా పంపదు, గుత్తులుగా పంపుతుంది. ఫ్యాక్టర్ 10 మీద ఒక్కో గుత్తిలో 40 బిట్లు, అంటే 5 బైట్లు. 13 బైట్ల హెడర్లు కలిపి చూస్తే 7 నుంచి 11 దాకా ఏ పేలోడైనా 371 మిల్లీసెకండ్లే. 6కు తెస్తే 330, 12కు పెరిగితే 412. ఆ నాలుగు బైట్లకోసం పడ్డ శ్రమ వృథా అని బాధపడకండి గానీ, చదవలేని బిట్ల కోడ్‌ను తీసేసి పాత 11 బైట్లకు వెళ్లడమే మేలు. కుదించే ముందు ఎయిర్‌టైమ్ లెక్కించి, మెట్టు ఎక్కడ దిగుతుందో చూసుకోవాలి.

ప్రశ్న: ది థింగ్స్ నెట్‌వర్క్ అనే లోరావాన్ నెట్‌వర్క్‌లో ఒక నోడ్ రోజుకు 30 సెకండ్లే పంపాలట. 15 నిమిషాలకోసారి 8 బైట్లు పంపితే దాటుతోంది. రీడింగులు తగ్గించక తప్పదా?
– ఉద్యాన పంటల రైతు, గుత్తి

జవాబు: రీడింగులు కాదు, ప్యాకెట్లు తగ్గించండి. ఫ్యాక్టర్ 10 మీద రోజుకు 96 ప్యాకెట్లంటే 35.6 సెకండ్లు. నాలుగు రీడింగులను కూర్చి గంటకోసారి 32 బైట్లుగా పంపితే ఒక్కోటి 575 మిల్లీసెకండ్లు, రోజుకు 13.8 సెకండ్లే. పాతది ముందు, కొత్తది చివర అని వరుస పెట్టుకుంటే టైమ్‌స్టాంప్ అక్కర్లేదు. గేట్‌వే అందుకున్న సమయం నుంచి 15 నిమిషాల చొప్పున వెనక్కి లెక్కేస్తే సరి.

మొదటిది పూర్తిగా, మిగతా మూడూ ఒక్కో బైటు తేడాలుగా పంపితే 20 బైట్లకు తగ్గుతుంది, రోజుకు 10.9 సెకండ్లు. ఆ మూడు సెకండ్లకోసం మేమైతే ఆ పని చేయం. డ్రిప్ వదలగానే నేల తేమ అంకె ఒక్కసారిగా వందలు మారుతుంది, ఒక బైటులో −128 నుంచి 127 దాకానే పడుతుంది. మీకు అన్నిటికంటే కావలసిన రీడింగే అక్కడ తప్పుగా వస్తుంది. డ్రిప్ మోటారు ఆగిన వెంటనే తెలియాలనుకుంటే మాత్రం ఆ ఒక్క సంగతిని గంట దాకా ఆపకుండా వేరే పోర్ట్ మీద 1 బైటుగా అప్పటికప్పుడు పంపండి.

ప్రశ్న: జేసన్ మాని 8 బైట్లకు మారినా 18650 లిథియం బ్యాటరీ రెండు రోజులే వస్తోంది.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: రేడియో 17 డీబీఎం శక్తి మీద పంపేటప్పుడు 87 మిల్లీఆంపులు తీసుకుంటుంది. 371 మిల్లీసెకండ్ల చొప్పున 96 సార్లంటే రోజుకు 0.86 మిల్లీఆంపియర్-గంటలు, అంతే. మీ ఊనో బోర్డు నిద్రపోకుండా 45 మిల్లీఆంపులు తాగుతుంటే రోజుకు 1,080. పవర్ ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్, బోర్డు మీది రెగ్యులేటర్, ఇవి ఉన్నంతకాలం ఫార్మాట్ ఏదైనా ఒకటే. విడి ఏటీమెగా328పీ చిప్‌ను 8 మెగాహెర్ట్జ్, 3.3 వోల్టుల మీద నడిపి, పంపాక పవర్-డౌన్ నిద్రలోకి పంపండి. రెగ్యులేటర్‌గా ఎంసీపీ1700 పెట్టండి, తనకోసం 1.6 మైక్రోఆంపులే తీసుకుంటుంది. నేల తేమ సెన్సర్‌కు కూడా కొలిచేటప్పుడే కరెంటు ఇవ్వాలి.

ప్రశ్న: పాలీహౌస్‌లో కరెంటు, వైఫై రెండూ ఉన్నాయి. మేమూ బైట్లు లెక్కపెట్టాలా?
– నర్సరీ యజమాని, కడప

జవాబు: అక్కర్లేదు. ఎంక్యూటీటీ (నెట్‌వర్క్ మీద చిన్న మెసేజీలు పంపే పద్ధతి) మీద జేసన్ పంపండి. పేర్లు పూర్తిగా రాయండి, యూనిట్ కూడా పేరులోనే పెట్టండి. ఒక్క జాగ్రత్త: డీహెచ్‌టీ22 (గాలి ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్) చదవలేకపోతే లైబ్రరీ నాన్ (అంకె కాదు) అనే విలువ ఇస్తుంది. దాన్ని అలాగే ప్రింట్ చేస్తే జేసన్ చెల్లదు, ఆ మెసేజీ మొత్తం పోతుంది. దాని బదులు నల్ (ఖాళీ) అని రాయండి.

ప్రశ్న: ఫైళ్లను కుదించే జీజిప్‌తో కుదిస్తే సరిపోదా?
– ఆదోని

జవాబు: జీజిప్ హెడర్, తోక కలిపితేనే 18 బైట్లు. మీ 8 బైట్లు పెరుగుతాయే గానీ తగ్గవు.

ప్రశ్న: బోరు మోటారు ఆగితే రైతుకు తెలుగులో ఎస్ఎంఎస్ వెళ్లాలి. సగం మెసేజీలు రెండుగా లెక్కకొచ్చి బిల్లు పెరుగుతోంది.
– స్టార్టర్ ప్యానెళ్లు చేసేవారు, అనంతపురం

జవాబు: ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా హద్దు 70కి పడిపోతుంది. అది దాటితే ఒక్కో ముక్కకు 67. గుణింతాలూ విడిగా లెక్కకొస్తాయి: మోటారు అన్న మాట చూడటానికి మూడు అక్షరాలు, లెక్కకు ఆరు. రైతు పేరు, సర్వే నంబరు, తేదీ, ధన్యవాదాలు అన్నీ తీసేయండి. "3వ బోరు మోటారు ఆగింది. కరెంటు ఉంది. నీళ్లు లేవు." అన్నది 70 లోపే ఉంటుంది.